రెండో రేసు మొదటి రేసులోనే మొదలవుతుంది

(ట్రైల్ రన్నర్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

నమస్కారం.

ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది కనీసం ఒక అల్ట్రా, అంటే మారథాన్‌ను మించిన పరుగు, ముగించినవాళ్లే. 50 కిలోమీటర్లు పరిగెడితే ఒంటికి ఏమవుతుందో, 100 మైళ్లు పరిగెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక రేసుకు ఎలా తయారవ్వాలో చెప్పే సలహాలు కూడా మీ దగ్గర కావలసినన్ని ఉండి ఉంటాయి. నేను మాట్లాడబోయేది ఆ తర్వాతి రేసు గురించి. మొదటిది ముగిసి, మెట్లు దిగడం ఇంకా కష్టంగానే ఉండగా, రెండు వారాలకో మూడు వారాలకో మళ్లీ స్టార్ట్ లైన్ దగ్గర నిలబడాల్సిన రేసు గురించి. దాని తర్వాత మూడోది, కొందరికి నాలుగోది. నేను అలాంటి వరుసలు పరిగెత్తాను, పరిగెత్తేవాళ్లకు శిక్షణ కూడా ఇస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. రెండో రేసు ఎలా జరుగుతుందన్నది ఆ రేసు రోజున తేలేది చాలా తక్కువ. మొదటి రేసులో కొండలు దిగేటప్పుడు మీరు ఎంత వేగంగా వెళ్లారన్నదాంట్లో, ఆ రేసు ముగిశాక మొదటి పది రోజులు ఎలా గడిపారన్నదాంట్లో చాలావరకు తేలిపోతుంది. ఇది ఎందుకు నిజమో వివరంగా చూద్దాం.

ఈ వరుస పరుగుల ఆలోచన కొత్తది కాదు. 1974లో కాలిఫోర్నియాలో గోర్డీ ఐన్స్‌లీ అనే ఆయన టెవిస్ కప్ అనే 100 మైళ్ల గుర్రపు పోటీలో గుర్రం లేకుండా, కాలినడకన పాల్గొని 24 గంటల లోపే ముగించారు. వెస్టర్న్ స్టేట్స్ రేసు అక్కణ్ణుంచే పుట్టింది. పదేళ్లు గడిచేసరికి అమెరికాలో అలాంటి 100 మైళ్ల రేసులు ఇంకొన్ని వచ్చాయి. వస్తే, ఒకే వేసవిలో అన్నీ పరిగెత్తగలమా అన్న ప్రశ్న రాకుండా ఉంటుందా? 1986లో టామ్ గ్రీన్ నాలుగు రేసులు ఒకే వేసవిలో ముగించి, గ్రాండ్ స్లామ్ సాధించిన మొదటి రన్నర్ అయ్యారు. ఇప్పుడు దాని క్రమం ఇది: జూన్ చివర్లో వెస్టర్న్ స్టేట్స్, జులైలో వెర్మాంట్, ఆగస్టులో లెడ్‌విల్, సెప్టెంబరులో వాసాచ్ ఫ్రంట్. పదకొండు వారాల్లో 400 మైళ్లు, అంటే 640 కిలోమీటర్ల పైచిలుకు.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. వెస్టర్న్ స్టేట్స్‌లో ఎక్కుడు సుమారు 18,000 అడుగులైతే దిగుడు దాదాపు 23,000 అడుగులు. పైగా లోయల్లో ఎండ. వెర్మాంట్‌లో పెద్ద పర్వతాలు ఉండవు, ఎడతెగని చిన్న చిన్న ఎత్తుపల్లాలు, ఉక్కపోత. లెడ్‌విల్ మొదలయ్యేదే 10,000 అడుగుల పైన, హోప్ పాస్ 12,500 అడుగులు దాటుతుంది, కటాఫ్, అంటే ముగించాల్సిన గడువు, 30 గంటలు. వాసాచ్ నిటారుగా, రాళ్లతో ఉంటుంది, అక్కడ 36 గంటలిస్తారు. ఒక్కో రేసు ఒంట్లో ఒక్కో చోట దెబ్బ తీస్తుంది. ఎక్కుడు కంటే దిగుడు బాగా ఎక్కువున్న రేసు వరుసలో మొదటే వస్తుంది. తొడల్ని అక్కడే చితక్కొట్టుకుంటే మిగతా మూడూ ఆ తొడలతోనే పరిగెత్తాలి.

2013లో ఇయాన్ షార్మన్ ఈ నాలుగింటినీ కలిపి 69 గంటల 49 నిమిషాల్లో ముగించారు. సగటున ఒక్కోటి పదిహేడున్నర గంటలు. అది ఎంత వేగమో మీకు తెలుసు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది ఇంకోటుంది: వరుసలో మూడోదైన లెడ్‌విల్‌ను ఆయన గెలిచారు. అప్పటికి రెండు 100 మైళ్ల రేసులు పరిగెత్తి ఉన్న మనిషి, ఆ ఒక్క రేసు కోసమే నెలల తరబడి తయారై వచ్చినవాళ్లకంటే ముందు చేరారు. మొదటి రెండింటిలో ఎంతో కొంత దాచుకోకుండా అది జరగదు.

ఇక అమెరికన్ రన్నర్ కోర్ట్నీ డావాల్టర్. 2023 జూన్ 24న వెస్టర్న్ స్టేట్స్‌ను 15 గంటల 29 నిమిషాల్లో గెలిచారు. మహిళల్లో అంతకుముందు రికార్డు 2012లో ఎలీ గ్రీన్‌వుడ్ నెలకొల్పిన 16 గంటల 47 నిమిషాలు. గంటకు పైగా తేడా! మూడు వారాలైనా పూర్తికాకుండా జులై 14న హార్డ్‌రాక్ స్టార్ట్ లైన్ దగ్గరున్నారు. కొలరాడోలో జరిగే ఆ రేసులో ఎక్కుడు 33,000 అడుగులు, దారి 14,000 అడుగుల శిఖరం మీదుగా వెళ్తుంది. అక్కడ 26 గంటల 14 నిమిషాలతో గెలిచారు, అప్పటికి అది మహిళల రికార్డు. ఆ తర్వాత ఏడు వారాలకు, సెప్టెంబరు 1న యూటీఎంబీ. ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండుల మీదుగా మాంట్ బ్లాంక్ చుట్టూ 170 కిలోమీటర్లు, 10,000 మీటర్ల ఎక్కుడు. అదీ గెలిచారు. ఈ మూడింటినీ ఒకే ఏడాది గెలిచినవాళ్లు ఆమెకు ముందు ఎవరూ లేరు, మగవాళ్లలో కూడా.

ఆ మూడో రేసు సమయాన్ని మాత్రం ఒకసారి జాగ్రత్తగా చూడండి. 23 గంటల 29 నిమిషాలు. అదే యూటీఎంబీని 2021లో ఆమె 22 గంటల 30 నిమిషాల్లో ముగించారు, అప్పటికి అది మహిళల రికార్డు. రెండు వేర్వేరు సంవత్సరాలు, వాతావరణం వేరు, కాబట్టి తేడా మొత్తాన్నీ అలసట ఖాతాలో వేయలేం. అయినా అదే మనిషి, అంతే పట్టుదల, దాదాపు గంట ఎక్కువ. లోకంలోనే అత్యుత్తమ రన్నర్‌కు, ఏడు వారాల విరామం తర్వాత. మరి ఉద్యోగం చేసుకుంటూ, తెల్లవారుజామున లేచి పరిగెత్తే మనకు మూడు వారాలు చాలుతాయని షెడ్యూల్ వేసుకునే ముందు ఈ గంటను గుర్తుచేసుకోవాలి. ఇంకో సంగతి: ఆమె మొదట అనుకున్నది రెండు రేసులే. యూటీఎంబీ సంగతి హార్డ్‌రాక్ ముగిశాక, ఒళ్లు ఎలా ఉందో చూసుకున్నాక తేల్చుకున్నారు. వరుసల గురించి నేను విన్నవాటిలో నాకు బాగా నచ్చిన నిర్ణయం అది.

ఒంట్లో ఏం జరుగుతుందో ఇప్పుడు చూద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మిగతా అంతా దీనిమీదే ఆధారపడి ఉంది.

కొండ ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ పనిచేయాలి. ఒంటి బరువు కిందికి లాగుతుంటే కండరం బ్రేకు వేస్తూ సాగుతుంది. కండర తంతువులు చిరిగేది ఈ సాగే పనిలోనే. ఎక్కుడులో మనకు ఆయాసం వస్తుంది, అందుకే అది కష్టమనుకుంటాం. దిగుడులో ఊపిరి తేలిగ్గా ఉంటుంది, గుండె వేగం తగ్గుతుంది, కాబట్టి వేగం పెంచేస్తాం. నష్టం మాత్రం దిగుడులో జరుగుతుంది. అదీ వెంటనే తెలియదు, మర్నాటికో మూడోనాటికో తెలుస్తుంది.

యూటీఎంబీ పరిగెత్తిన 22 మంది అనుభవజ్ఞుల మీద చేసిన అధ్యయనం ఒకటి 2011లో వచ్చింది. రేసు ముగిసేసరికి వాళ్ల తొడ కండరాల బలం సుమారు 35 శాతం, పిక్కల బలం సుమారు 39 శాతం పడిపోయింది. 16వ రోజుకు అది దాదాపు మామూలు స్థితికి వచ్చింది. అంటే అనుభవం ఉన్నవాళ్లకు కూడా కండరం బలం మాత్రమే తిరిగి రావడానికి రెండు వారాల పైన పడుతుందని లెక్కపెట్టుకోవాలి. గుర్తుంచుకోండి, బలం మాత్రమే.

2013లో వచ్చిన ఇంకో అధ్యయనం నా ఆలోచనను పూర్తిగా మార్చింది. ఇటలీలో టోర్ దే జేయాన్ అనే రేసుంది. 330 కిలోమీటర్లు, 24,000 మీటర్ల ఎక్కుడు, 150 గంటల కటాఫ్. యూటీఎంబీకి రెట్టింపు. దాన్ని ముగించినవాళ్ల కండరాలను కొలిస్తే, బలం పడిపోవడం, కండరం దెబ్బతినడం రెండూ యూటీఎంబీ రన్నర్లలో కంటే తక్కువగా కనిపించాయి. రెట్టింపు దూరం, తక్కువ నష్టం! కారణం వేగం. రోజుల తరబడి పరిగెత్తాల్సిన రేసని తెలిసినవాళ్లు మొదటి కొండ నుంచే నెమ్మదిగా వెళ్తారు, దిగుళ్లలో దూకరు, నిద్రలేమి కూడా వాళ్ల వేగాన్ని కట్టేస్తుంది. కండరాన్ని దెబ్బతీసేది దూరం కంటే ఎక్కువగా వేగం.

వరుస రేసులకు ఇంతకంటే ఉపయోగపడే సంగతి నాకు కనబడలేదు. మూడు రేసుల వరుస పెట్టుకున్నారంటే మీరు నిజానికి ఒకే పొడుగాటి రేసు పరిగెత్తుతున్నట్టు. దాని ముగింపు గీత మూడో రేసు చివర ఉంది. మొదటి రేసు ముగింపు గీత దగ్గర ఒంట్లో ఏమీ మిగల్చకుండా పడిపోవడం ఒంటరి రేసుకు గొప్ప సంగతి కావచ్చు. వరుసలో మాత్రం అది తర్వాతి రెండు రేసుల నుంచి తెచ్చుకున్న అప్పు. నా దగ్గర శిక్షణ తీసుకునేవాళ్లకు ఒకటే చెబుతాను: మొదటి రేసులో ఎక్కుళ్లలో మీ ఇష్టం, దిగుళ్లలో నా మాట వినండి. అడుగులు చిన్నవి వేయండి, మోకాలు కొద్దిగా వంచే ఉంచండి, మడమ మీద దబ్బున పడకండి. పోల్స్‌కు, అంటే చేతికర్రలకు, అనుమతి ఉన్న రేసైతే మొదటినుంచీ వాడండి, కాళ్లు అలిసిపోయాక బయటికి తీస్తే లాభం సగమే. వెస్టర్న్ స్టేట్స్ లాంటి కొన్నిచోట్ల పోల్స్ నిషేధం, నియమాలు ముందే చూసుకోండి.

ఇక్కడ ఒక మంచి కబురు, దాని వెనకే ఒక ప్రమాదం ఉన్నాయి. మంచి కబురు ఏమిటంటే, సాగే పని వల్ల ఒకసారి దెబ్బతిని కోలుకున్న కండరం తర్వాతి కొన్ని వారాలపాటు అదే దెబ్బను బాగా తట్టుకుంటుంది. శాస్త్రవేత్తలు దీన్ని ఎన్నోసార్లు చూపించారు. అందుకే చాలామంది రెండో రేసు మర్నాడు ఆశ్చర్యపోతారు: మొదటి రేసు తర్వాత మంచం దిగలేకపోయాను, ఈసారి మామూలుగా నడుస్తున్నానే అని. అది భ్రమ కాదు. మొదటి రేసు మీ తొడలకు రక్షణ ఇచ్చింది.

ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఒంట్లో ఒక్కో భాగానికి ఒక్కో గడియారం. కండరాల నొప్పి నాలుగైదు రోజుల్లో పోతుంది. బలం రెండు వారాలు తీసుకుంటుంది. టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కట్టే ఆ గట్టి తాళ్లు, వాటికి రక్త ప్రసరణ తక్కువ, మరమ్మతు చాలా నెమ్మది. ఎముకలు ఇంకా నెమ్మది. హార్మోన్లు, నిద్ర, ఆకలి ఎప్పుడు కుదుటపడతాయో మనిషిని బట్టి ఉంటుంది. వీటన్నిటిలో మనకు గట్టిగా వినబడేది మొదటి గడియారం ఒక్కటే. నొప్పి పోయింది, కాబట్టి కోలుకున్నాను అనుకుంటాం. మడమ వెనకుండే ఎకిలీస్ టెండన్, పాదం ఎముక ఏమీ చెప్పవు. చెప్పేసరికి ఆలస్యమైపోతుంది. వరుస మధ్యలో ఆగిపోయినవాళ్లలో తొడనొప్పితో ఆగినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. ఎకిలీస్, మోకాలి పక్కన, పాదం ఎముకలో చీలిక, వీటితో ఆగినవాళ్లను చూశాను. ఇవి తరచుగా రెండు రేసుల మధ్య, ఎనిమిదో రోజునో పదో రోజునో, ఒళ్లు తేలిగ్గా ఉందని పెట్టుకున్న గట్టి పరుగులో మొదలవుతాయి.

కిడ్నీల గురించి కూడా చెప్పాలి, ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. కండరం చిరిగినప్పుడు క్రియేటిన్ కైనేజ్ అనే ఎంజైము రక్తంలోకి వస్తుంది. మామూలుగా పరీక్షలో అది 200 లోపు ఉంటుంది. 100 మైళ్ల రేసు తర్వాత పదివేలల్లోకి వెళ్లడం అరుదేమీ కాదు. దాంతోపాటు మయోగ్లోబిన్ కూడా వస్తుంది, దాన్ని వడకట్టాల్సిన భారం కిడ్నీలది. నీళ్లు తక్కువై, ఎండలో ఉండి, దానికి తోడు నొప్పి మాత్రలు మింగితే కిడ్నీలు తట్టుకోలేవు. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో 80 కిలోమీటర్ల పరుగులో కొందరికి నాలుగు గంటలకోసారి 400 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ ఇచ్చారు, మిగతావారికి మందులేని మాత్ర ఇచ్చారు. ఐబుప్రోఫెన్ వేసుకున్నవారిలో 52 శాతం మందికి, రెండో గుంపులో 34 శాతం మందికి కిడ్నీ దెబ్బతిన్న సూచనలు కనిపించాయి. మందు లేకుండానే మూడోవంతు మంది! అలాంటిది మూడు వారాలకోసారి, ప్రతిసారీ మాత్రలతో పరిగెడితే? రేసులో గానీ, రేసు ముగిసిన మొదటి రెండు రోజుల్లో గానీ ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకోకండి. మూత్రం ముదురు గోధుమరంగులో వస్తే, లేదా గంటల తరబడి అసలు రాకపోతే, తెల్లారేదాకా ఆగకండి. డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ వరుస అక్కడితో ఆగినా పరవాలేదు.

దీనికి భయపడి గంట గంటకీ నీళ్లు తాగేయడం ఇంకో ప్రమాదం. దాహాన్ని మించి తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. రేసు మధ్యలో బరువు పెరగడం, వేళ్లు ఉబ్బడం, తలనొప్పి, తికమక, ఇవి దాని గుర్తులు. దాహం వేసినప్పుడు తాగడం ఎప్పటికీ మంచి నియమం.

(సభలోంచి ఒక ప్రశ్న: రెండు రేసుల మధ్య మూడు వారాలుంటే రోజువారీగా ఏం చేయాలి?)

చెబుతాను. రేసు ముగిసిన రోజు నుంచి మొదటి మూడు నాలుగు రోజులు రెండే పనులు: తినడం, నిద్రపోవడం. 100 మైళ్ల రేసులో పదివేల కేలరీలకు పైగా ఖర్చవుతాయి, తినగలిగేది అందులో సగం కూడా కష్టమే. ఆ లోటు మీతోపాటు ఇంటికి వస్తుంది. చాలామందికి మొదటిరోజు ఆకలి ఉండదు, మూడోరోజుకు ఆగనంత ఆకలి వేస్తుంది. ఆ ఆకలిని ఆపకండి. బరువు తగ్గించుకోవడానికి వరుస రేసుల సమయం పనికిరాదు. తక్కువ తింటూ ఎక్కువ పరిగెడితే ఎముకలు బలహీనపడతాయి, హార్మోన్లు పడిపోతాయి. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోతే దాన్ని శిక్షణలో మామూలు సంగతిగా తీసుకోకండి. తిండి చాలడం లేదని ఒళ్లు గట్టిగా చెబుతున్న మాట అది.

నిద్ర సంగతి చిత్రంగా ఉంటుంది. ఒక రాత్రంతా మేలుకున్నాక ఒక్క రాత్రి పడుకుంటే సరిపోతుందనుకుంటాం. కాళ్ల నొప్పులకు మొదటి రెండు రాత్రులు సరిగా నిద్రే పట్టదు. కాబట్టి ఆ వారమంతా పగటి నిద్రకు చోటు చేసుకోండి. మొదటి రేసు తర్వాతి సోమవారం మీకు ముఖ్యమైన పని ఉందంటే ఆ షెడ్యూల్‌ను ముందే మార్చుకోండి.

అయిదో రోజు నుంచి పదో రోజు వరకు నడక, ఈత, తేలికపాటి సైకిలు. పరిగెత్తాలనిపిస్తే చదునైన నేల మీద అరగంట, మాట్లాడుతూ వెళ్లగలిగే వేగంలో. దిగుళ్లు వద్దు. నేను అన్నిటికంటే గట్టిగా కాపలా కాసేది ఈ రోజుల్నే.

పదో రోజు దాటాక నాలుగు గుర్తులు చూస్తాను. పొద్దున లేవగానే నాడి మామూలు కంటే ఎక్కువగా కొట్టుకుంటోందా? మెట్లు దిగుతుంటే రెండు కాళ్లూ ఒకేలా ఉన్నాయా? ఒంటికాలి మీద పదిసార్లు గెంతితే ఎముకలో ఒకేచోట గుచ్చినట్టు నొప్పి వస్తోందా? నాలుగోది అందరూ వదిలేసేది: పరిగెత్తాలని ఉందా? ఉత్సాహం అసలు లేకపోవడం, చిన్న మాటకే చిరాకు రావడం, ఇవి చాలాసార్లు నాడి కంటే ముందే నిజం చెబుతాయి. నాలుగూ బాగుంటే రెండో రేసు దారికి దగ్గరగా ఉన్న నేల మీద ఒక్క రెండు గంటల పరుగు, అంతే. చివరి వారం ఎలాగూ టేపర్, అంటే రేసుకు ముందు పరుగు తగ్గించే రోజులు.

ఇంత తక్కువ పరిగెడితే సామర్థ్యం పడిపోతుందేమోనన్న భయం ప్రతి ఒక్కరికీ ఉంటుంది. రెండు మూడు వారాల్లో గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గేది కొద్దిగానే. మూడు వారాల్లో కొత్తగా సంపాదించుకోగలిగింది దాదాపు ఏమీ లేదు, పోగొట్టుకోగలిగింది చాలా ఉంది. రేసుకు ముందున్న నెలల్లో చేసిన పనే మూడు రేసులకూ సరిపోవాలి. అందుకే వరుసకు శిక్షణ అంటే మొదటి రేసుకు ముందు చేసేదే. పొడుగాటి దిగుళ్లున్న పరుగులు, తొడలకు, పిక్కలకు బరువులతో వ్యాయామం, వరుసగా రెండు రోజులు పొడుగు పరుగులు. ఒకదానికి ఎండ, ఇంకోదానికి ఎత్తు ఉన్న వరుసైతే అదనపు చిక్కు ఉంటుంది. ఎండకు అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు చాలు, ఎండ లేని చోటికి వెళ్లాక ఆ అలవాటు వారాల్లోనే కరిగిపోతుంది. రెండోది ఎత్తైన చోట ఉంటే కుదిరినన్ని రోజులు ముందే వెళ్లి, అక్కడే విశ్రాంతి తీసుకోవడం మంచిది.

జలుబు, దగ్గు కూడా లెక్కలో ఉండాలి. దక్షిణాఫ్రికాలో టూ ఓషన్స్ అనే 56 కిలోమీటర్ల రేసు మీద 1983లో వచ్చిన అధ్యయనంలో, రేసు తర్వాతి రెండు వారాల్లో రన్నర్లలో మూడోవంతు మందికి ముక్కు, గొంతు జబ్బు లక్షణాలు వచ్చాయి. అదే ఇళ్లలో ఉండి పరిగెత్తనివాళ్లలో అది 15 శాతమే. మీ రెండో రేసు సరిగ్గా ఆ రెండు వారాల చివర ఉంటుంది. ముక్కు కారడం వరకైతే ఆలోచించవచ్చు. జ్వరం ఉంటే మాత్రం పరిగెత్తకూడదు. వైరస్ గుండె కండరం దాకా వెళ్లి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ బేరమాడను.

పాదాల గురించి రెండు మాటలు. మొదటి రేసులో ఊడిన గోరు, బొబ్బలు రెండో రేసుకు పూర్తిగా మానవు, కొత్త చర్మం లేతగా ఉంటుంది. బూటు అర సైజు పెద్దది సిద్ధంగా ఉంచుకోండి, ఎక్కడ బొబ్బ వచ్చిందో అక్కడ ముందే టేపు వేసుకోండి. అంతకు మించి పెద్ద రహస్యమేమీ లేదు.

ఇక ఆగిపోవడం గురించి. వరుసలో రేసు మధ్యలో ఆగడాన్ని చాలామంది అవమానంగా చూస్తారు, నాకు అది బాధగా అనిపిస్తుంది. 2021లో డావాల్టర్ హార్డ్‌రాక్‌ను మధ్యలోనే వదిలేశారు. ఆరు వారాల తర్వాత యూటీఎంబీని రికార్డుతో గెలిచారు. ఇందాక చెప్పిన ఆ 22 గంటల 30 నిమిషాలు అదే. కడుపు తిరగబడి ఏమీ నిలవనప్పుడు ఇంకో 40 మైళ్లు ఈడ్చుకుంటూ వెళ్లి ముగించి ఉంటే ఆరు వారాల్లో అలా కోలుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. కండరం నొప్పికి ఆగమని నేను చెప్పను, అలసటకు అసలే చెప్పను. ఎముకలో ఒకేచోట నొప్పి, అడుగు అడుగుకీ పెరుగుతున్న టెండన్ నొప్పి, మూత్రం రంగు, తికమక, ఛాతీలో ఏదైనా తేడా, వీటికి ఆగమంటాను. మీకు సాయంగా వచ్చే క్రూకు ఈ జాబితా ముందే ఇవ్వండి. అర్ధరాత్రి, దారిలో తిండీ నీళ్లూ ఇచ్చే ఎయిడ్ స్టేషన్లో, మీ తీర్పు కంటే వాళ్ల తీర్పు బాగుంటుంది.

అల్ట్రాలకు కొత్తవాళ్లు వరుసలు పెట్టుకోకూడదని నా అభిప్రాయం. కండరాలు ఒక సీజన్‌లో తయారవుతాయి, టెండన్లకు, ఎముకలకు సంవత్సరాలు కావాలి. రెండు మూడేళ్లు ఏడాదికి ఒకటో రెండో పెద్ద రేసులు సాఫీగా ముగించినవాళ్లు దీని గురించి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా 100 మైళ్లతో మొదలుపెట్టకండి. నాలుగు వారాల తేడాతో రెండు 50 కిలోమీటర్ల రేసులు పెట్టుకోండి. రెండోదాంట్లో మీ ఒళ్లు ఎలా పలికిందో దాన్నిబట్టి తర్వాతి ఏడాది సంగతి చూడవచ్చు. ఆన్ ట్రేసన్ 1996లోనూ 1997లోనూ దక్షిణాఫ్రికాలో దాదాపు 90 కిలోమీటర్ల కామ్రేడ్స్ గెలిచి, పన్నెండు రోజులకు కాలిఫోర్నియాలో వెస్టర్న్ స్టేట్స్ గెలిచారు. ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది. అప్పటికి ఆమె పదేళ్లకు పైగా అల్ట్రాలు పరిగెత్తుతున్న మనిషి.

(ఇంకో ప్రశ్న: వెస్టర్న్ స్టేట్స్ లాంటి రేసులో లాటరీలో చోటు దొరకడానికే ఏళ్లు పడుతుంది. అంత కష్టపడి దొరికిన రేసును తర్వాతి రేసు కోసం నెమ్మదిగా పరిగెత్తడం అన్యాయం కాదా?)

మంచి ప్రశ్న. అన్యాయమేనని మీకు అనిపిస్తే ఆ రేసును నెమ్మదిగా పరిగెత్తకండి. ఏళ్ల తరబడి ఎదురుచూసిన రేసును ఉన్న శక్తంతా పెట్టి పరిగెత్తాలనుకోవడంలో తప్పేమీ లేదు. అప్పుడు ఆ ఏడాది దాని తర్వాత కనీసం రెండు నెలలపాటు ఇంకేమీ పెట్టుకోకండి. వరుస కావాలనుకుంటే, ఆ వరుసలో మీకు ప్రాణమైన రేసు ఏదో ముందే తేల్చుకుని, దాన్ని చివర్లో ఉంచేలా కేలెండర్ చూసుకోండి. ఇబ్బందల్లా రెండూ ఒకేసారి కావాలనుకున్నప్పుడే వస్తుంది. మొదటి రేసు మధ్యలో, ఒళ్లు బాగా సహకరిస్తున్నప్పుడు, 60వ మైలు దగ్గర చాలామంది మనసు మార్చుకుంటారు: ఇవాళ బాగుంది, వేగం పెంచుదాం, తర్వాతి సంగతి తర్వాత అని. అలా మార్చుకోవచ్చు. కాకపోతే ఆ క్షణంలోనే రెండో రేసును వదులుకుంటున్నానని పైకి చెప్పండి, మీకు తోడుగా పరిగెత్తే పేసర్‌కు వినబడేలా. అలా అన్నాక కూడా వేగం పెంచాలనిపిస్తే పెంచండి. మూడు వారాల తర్వాత రెండో రేసు స్టార్ట్ లైన్‌కు వెళ్లకపోయినా మీరు ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

ఇంకా ఎవరైనా అడగాలనుకుంటే అడగండి, సమయం ఉంది.